గంట కొట్టని గంటలు

తెలుగులో గంట అంటే కాలమూ, గంట అంటే మోగేదీ కూడా. బళ్ళో ఈ రెండూ ఒకటే. గంట కొడితే పీరియడ్ మొదలు, మళ్ళీ కొడితే అయిపోయినట్టు. ఆ రెండు గంటల నడుమ జరిగేదే చదువు చెప్పడమని మనందరికీ చిన్నప్పట్నుంచీ అలవాటైపోయింది. నేను పంతొమ్మిదేళ్ళుగా హైదరాబాద్‌లో ట్యూషన్లు చెబుతున్నాను. కొన్నాళ్ళు పిల్లల ఇళ్ళకు వెళ్ళి, కొన్నాళ్ళు మా ఇంటికే రప్పించుకుని, 2020 తర్వాత కంప్యూటరు ముందు కూర్చుని కూడా. ఆ గంట కొట్టకముందు జరిగే పని గురించీ, అసలు గంటే కొట్టకుండా పోయే రోజుల గురించీ రాయాలని చాలాకాలంగా ఉంది. నేను చదువుకున్నది చరిత్ర. ఎమ్మే పట్టా ఉంది, దానికి తగ్గ ఉద్యోగం రాలేదు. పెళ్ళి, ఇద్దరు పిల్లలు, మూడు ఊళ్ళు మారడం... ఈ పత్రిక పాఠకులకి ఆ కథ విడమరిచి చెప్పక్కర్లేదనుకుంటాను.

మా పనికి చరిత్ర ఎక్కడుందా అని చూస్తే ముందు కనిపించేవి సర్వే లెక్కలు. కేంద్ర ప్రభుత్వం 2025లో చేసిన విద్యా సర్వే ప్రకారం దేశంలో 27 శాతం మంది విద్యార్థులు ఆ ఏడాది ఏదో ఒక ప్రైవేటు కోచింగ్ తీసుకుంటున్నారు, లేదా తీసుకున్నారు. పట్టణాల్లో అది 30.7 శాతం. ఇదంతా కొనుక్కున్నవాళ్ళ లెక్క. ఏ ఇంట్లో ఎంత ఖర్చయిందో అడిగారు. ఆ చదువు చెప్పినవాళ్ళు ఎవరు, వాళ్ళలో ఆడవాళ్ళెందరు, చెప్పడానికి ముందు ఎంతసేపు కూర్చున్నారు అన్నది ఆ ప్రశ్నల్లో లేదు. కాబట్టి మా చరిత్రని వేరేవాళ్ళ చరిత్రల అంచుల్లో ఏరుకోవాలి.

మద్రాసు గవర్నరుగా ఉన్న థామస్ మన్రో 1822లో జిల్లా కలెక్టర్లందరినీ తమ తమ జిల్లాల్లో బడులెన్నో లెక్కతీసి పంపమన్నాడు. ఆ జవాబులన్నీ చూసి 1826 మార్చిలో ఒక మినిట్ రాశాడు. వీధిబడుల గురించి మాట్లాడేవాళ్ళందరూ దాంట్లోంచి 12,498 బడులన్న అంకెని ఎత్తి చూపిస్తారు. నాకు మాత్రం అందులో డబ్బు గురించిన రెండు వాక్యాల మీదే ఎప్పుడూ కన్ను పడుతుంది. ఒక్కో పిల్లవాడు నెలకి నాలుగణాల నుంచి ఆరో ఎనిమిదో అణాలిస్తాడనీ, పంతులికి నెల తిరిగేసరికి ఆరేడు రూపాయల కంటే రావనీ, ఆ మాత్రం రాబడికి తగిన చదువున్నవాళ్ళు ఈ వృత్తిలోకి రారనీ మన్రో రాశాడు. ఇక్కడ గమనించాల్సింది 'నెలకి' అన్న మాట. పిల్లవాడు వచ్చినా రాకపోయినా, కోతల కాలంలో పొలానికి పోయినా నెల నెలే. పైగా దసరాకి పిల్లల చేతికి గిలకల బాణాలిచ్చి, అయ్యవారు వాళ్ళని వెంటేసుకుని ఇల్లిల్లూ తిరిగే ఆచారం ఉండనే ఉంది. అది బిచ్చమా, బోనసా అంటే ఏమో, రెండూ కలిసినదేననుకుంటాను.

ఆ వీధిబడిని నేను ముద్దు చేయదలుచుకోలేదు. మన్రో లెక్కలో బడికొచ్చే 1,88,650 మంది పిల్లల్లో ఆడపిల్లలు 4,540 మంది. ఊరి చివర గూడేల పిల్లలకి ఆ అరుగు మీద చోటే లేదు. కానీ ఆ మినిట్‌లోనే ఇంకో ముక్క ఉంది. మద్రాసు పట్నంలో బళ్ళకి వెళ్ళేవాళ్ళ కంటే ఇళ్ళల్లోనే చదువుకునే పిల్లలు నాలుగు రెట్లకు పైగా ఉన్నారు, 26 వేల పైచిలుకు. వాళ్ళకి చెప్పేది బంధువులో, సొంతంగా పెట్టుకున్న పంతుళ్ళో. అంటే రెండువందల ఏళ్ళ కిందటే ఇంటి ట్యూషన్ బడి కంటే పెద్ద వ్యవస్థ. బడి అరుగు మీద ఉంటుంది కాబట్టి కలెక్టరు లెక్కపెట్టాడు. వసారాలో జరిగిన చదువుకి ఎవరు ఎంత ఇచ్చారన్నది మాత్రం ఏ పట్టికలోనూ రాలేదు.

బళ్ళారి కలెక్టరు క్యాంప్‌బెల్ 1823లో పంపిన నివేదిక కూడా చూడండి. అప్పట్లో ఆ జిల్లాలో 533 బడులుంటే 226 తెలుగువే. పెద్ద పిల్లలు చిన్నపిల్లలకి నేర్పే పద్ధతినీ, దానివల్ల చదువు ఎంత చవగ్గా అవుతుందో అన్నదాన్నీ ఆయన తెగ మెచ్చుకున్నాడు. అంతకుముందే ఆండ్రూ బెల్ అనే పాదిరీ మద్రాసులోని ఒక అనాథశరణాలయంలో ఇదే పద్ధతి పెట్టి, 1797లో దాని మీద పుస్తకం అచ్చువేసి, ఇంగ్లండుకి 'మద్రాసు పద్ధతి' అని పట్టుకెళ్ళాడు. చదువు చెప్పే పనిలో కొంతభాగం ఎవరిచేతనో ఉచితంగా చేయించుకోవచ్చన్న ఆలోచన మన దగ్గర్నుంచే ఎగుమతి అయిందని సరదాగా అనుకుంటూ ఉంటాను. పూర్తిగా సరదా కూడా కాదు.

తెలుగు సాహిత్యంలో అందరికంటే పేరుమోసిన ప్రైవేటు మాస్టరు ఎవరంటే, ఇంకెవరు, గిరీశమే. 'కన్యాశుల్కం' మొదటిసారి ఆడింది 1892లో, అచ్చయింది 1897లో, మనం ఇప్పుడు చదువుకునేది 1909 నాటి రెండో కూర్పు. వెంకటేశానికి సెలవుల్లో చదువు చెబుతాననే వంకతో అగ్రహారంలో దిగిన ఆ మనిషి ఒక్కరోజైనా పాఠం తయారు చేసుకున్నాడా? తనతో కబుర్లు చెప్పడమే పిల్లవాడికి పెద్ద చదువని నమ్మించగల నోరుంటే తయారీ ఎందుకు! భోజనం, వసతి, పైగా ఇంట్లో మర్యాద. వెంకమ్మ ఆ వంటింట్లో ఎంత వండి ఉంటుందో. మాస్టరుకి అన్నం పెట్టడమే జీతమైన చోట, ఆ జీతం నిజంగా ఇచ్చింది ఎవరు? నాటకాన్ని నేను మాటిమాటికీ చదువుతాను, గురజాడ మీద నాకేమీ ఫిర్యాదు లేదు. గిరీశం బదులు ఒక ఆడమనిషి అలా ఖాళీ చేతులతో ఓ ఇంటికి పాఠం చెప్పడానికి వెళితే రెండోరోజు గుమ్మం దాటనిస్తారా అని మాత్రం ప్రతిసారీ అనిపిస్తుంది.

ఆడవాళ్ళు డబ్బు తీసుకుని ఇళ్ళల్లో చదువు చెప్పడం ఇంగ్లండులో మనకంటే ముందే వృత్తి అయింది. షార్లట్ బ్రాంటీ 1839లో ఒక ఇంట్లో గవర్నెస్‌గా చేరింది. పగలంతా పిల్లల్ని చూసుకుని, రాత్రి అయ్యేసరికి అంచులు కుట్టడాలు, బొమ్మలకి బట్టలు కుట్టడాలు తన నెత్తిన పడుతున్నాయని ఇంటికి ఉత్తరం రాసింది. 1841లో ఇంకో ఇంట్లో ఆమె జీతం ఏడాదికి 20 పౌన్లు, అందులో బట్టలుతికినందుకు 4 పౌన్లు కోత. గవర్నెస్‌కి ఏడాది జీతం, కాబట్టి ఆమె రోజు మొత్తం యజమానిదే, ఏది పనో ఏది కాదో గీత లేదు. నాకు గంట జీతం, కాబట్టి గీత కత్తితో కోసినట్టు ఉంటుంది. గీతకి ఇవతల ఉన్నదంతా నా సొంత సరదా కింద లెక్క. రెండింట్లోనూ తయారీ శ్రమ కనపడకుండా పోవడం విచిత్రం.

మన దగ్గర ఆడవాళ్ళు చదువు చెప్పడం మొదట వృత్తిగా రాలేదు, సేవగా వచ్చింది. భండారు అచ్చమాంబ (1874-1905) తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుతుంటే పక్కన కూర్చుని తానూ నేర్చుకుంది. 1901లో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' తెచ్చేంత పండితురాలైంది. దుర్గాబాయి కాకినాడలో తన పన్నెండు పదమూడేళ్ళ వయసుకే ఆడవాళ్ళకి హిందీ పాఠశాల పెట్టింది. తర్వాత మద్రాసులో, పెద్ద వయసు ఆడవాళ్ళని బెనారస్ మెట్రిక్ పరీక్షకి కూర్చోబెట్టడానికి ఇంట్లో మొదలుపెట్టిన పాఠాలే 1937 నాటికి ఆంధ్ర మహిళా సభ అయ్యాయి. వీళ్ళు లేకపోతే నేను లేను. అయితే వీళ్ళ పేర్లు చెప్పుకున్నప్పుడల్లా ఒక ఇబ్బంది కూడా ఉంది. చదువు చెప్పిన ఆడవాళ్ళలో మనం గుర్తుపెట్టుకున్నవాళ్ళంతా డబ్బు ఆశించనివాళ్ళే. ఫీజు పుచ్చుకుని పదో తరగతి గట్టెక్కించినవాళ్ళు ఏ వీధిలోనైనా ఉండే ఉంటారు, వాళ్ళ మీద ఎవరూ వ్యాసం రాయలేదు. అందుకే, ఫీజు గురించి నోరెత్తిన ఆడ టీచరుకి మన సంస్కృతిలో పోలిక దొరకదు. పీనాసితనమే దొరుకుతుంది.

ఈ 'సేవ' అన్న మాట కోర్టు దాకా వెళ్ళింది. 1988లో సుందరాంబాళ్ అనే టీచరు కేసులో సుప్రీంకోర్టు, పారిశ్రామిక వివాదాల చట్టం కింద టీచరు కార్మికురాలు కాదని తేల్చింది. చదువు చెప్పడం చేతిపనీ కాదు, గుమాస్తా పనీ కాదు, అదొక ఉన్నతమైన వ్రతం లాంటిదన్నది అందులోని తర్కం. అంత గౌరవించాక ఇక కూలి అడిగితే ఏం బాగుంటుంది!

నేను ట్యూషన్లు మొదలుపెట్టినప్పుడు ఇంకా నెల పద్ధతే. ఒకటో తారీఖు నుంచి అయిదో తారీఖు లోపు పిల్లవాడి పుస్తకాల సంచిలో కవరు వచ్చేది. దాని మీద ఒకోసారి పసుపు చుక్క కూడా. పిల్లవాడు అమ్మమ్మగారి ఊరెళ్ళి వారం రాకపోయినా ఎవరూ కోసుకోలేదు. నాకు జ్వరమొచ్చి మూడురోజులు చెప్పకపోయినా ఎవరూ అడగలేదు. తర్వాత ట్యూషన్ బ్యూరోలొచ్చాయి. ఇల్లు చూపించినందుకు మొదటినెల ఫీజులో సగం వాళ్ళది. వాళ్ళతోపాటు 'డెమో' వచ్చింది. ఇద్దరు ముగ్గురు టీచర్లని ఒకరి తర్వాత ఒకర్ని పిలిచి ఒక్కో గంట ఉచితంగా పాఠం చెప్పించుకుని, నచ్చినవాళ్ళని ఉంచుకోవడం. డెమోకి తయారైనంతగా నేను పెళ్ళిచూపులకి కూడా తయారవలేదు. ఆ తర్వాత గంటల లెక్క వచ్చింది. వారానికిన్ని క్లాసులు, క్లాసుకిన్ని రూపాయలు, చెప్పినన్నిటికే డబ్బు. 2020 లాక్‌డౌన్‌లో అందరం తెర మీదకి చేరాక ఇక నెల కవరన్నది పూర్తిగా పోయింది. ఫోన్లో పడే డబ్బుకి పసుపు చుక్క ఎలాగూ ఉండదు.

గంట పద్ధతి న్యాయంగానే కనిపిస్తుంది. చెప్పిందానికి తీసుకో, చెప్పనిదానికి వద్దు. కానీ నెల పద్ధతిలో పిల్లవాడు రాని రోజు నష్టం ఇద్దరం పంచుకునేవాళ్ళం. ఇప్పుడు అది మొత్తంగా నా వైపుకి జరిగింది. ఇది ఏ ఒక్కరూ పనిగట్టుకుని చేసింది కాదు, ఎవరూ ప్రకటించలేదు. చరిత్రలో పెద్ద మార్పులు చాలావరకు ఇలాగే జరుగుతాయి, ఎక్కడ సంతకం పెట్టామో మనకే గుర్తుండదు.

తయారీ అంటే ఏం చేస్తావని మా ఆడపడుచు ఒకసారి నవ్వుతూ అడిగింది. ఎనిమిదో తరగతి సోషల్‌కి తయారీ ఏంటి వదినా, అని. చెబుతాను. నాకున్న పదకొండుమంది పిల్లల్లో నలుగురు రాష్ట్ర సిలబస్, అయిదుగురు సీబీఎస్‌ఈ, ఇద్దరు ఐసీఎస్‌ఈ. ఒకే ఫ్రెంచి విప్లవానికి మూడు పుస్తకాల్లో మూడు పొడవులు, మూడు రకాల ప్రశ్నలు. 2014లో రాష్ట్రం విడిపోయాక తెలంగాణ పుస్తకాలు మారాయి, నా పాత నోట్సు అటకెక్కింది. పదో తరగతి పరీక్షల్లో 11 పేపర్లుండేవి కాస్తా 2022-23 నుంచి 6 అయ్యాయి. అంతవరకూ రెండు పేపర్లకని విడగొట్టి దాచుకున్న ప్రశ్నలన్నీ మళ్ళీ కలిపి కుట్టాల్సొచ్చింది. ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ళు 2022లో భారం తగ్గిస్తున్నామని కొన్ని పాఠాలు తీసేస్తే, ఏ పాఠం ఉందో ఏది పోయిందో జాబితా పక్కన పెట్టుకుని పుస్తకంలో పెన్సిలుతో కొట్టేసుకుంటూ రెండు రాత్రులు కూర్చున్నాను. 2024 నవంబరులో పదో తరగతి ఇంటర్నల్ మార్కులు ఎత్తేస్తున్నామని తెలంగాణ ప్రభుత్వం ప్రకటించి, వెంటనే ఆ మార్పుని మరుసటి ఏడాదికి వాయిదా వేసింది. ఆ మధ్యలో పిల్లల తల్లుల నుంచి నాకొచ్చిన ఫోన్లకి లెక్కలేదు. అవీ తయారీయే అంటాను నేను.

ఇవి కాక ఒక్కొక్క పిల్ల కోసం చేసేది వేరే. అంకెలు తిరగేసి చూసే ఒక అమ్మాయికి తేదీలన్నీ కాలరేఖ మీద రంగులతో గీసిస్తాను. డల్లాస్‌లో ఉన్న ఇద్దరు అన్నాచెల్లెళ్ళకి తెలుగు చెబుతాను, వాళ్ళ సాయంత్రం నా తెల్లవారుజాము. వాళ్ళకి 'అరుగు' అన్న మాట చెప్పాలంటే ముందు అరుగు ఫోటో వెతకాలి. మార్చిలో, నవంబరులో వాళ్ళ గడియారాలు గంట జరుగుతాయి. జరగాల్సింది నా వంట, నా నిద్ర. చదువుతూ వింటూ కూర గిన్నె అడుగంటించడం నాకు మామూలే. అది కేంద్రప్రభుత్వ కాలవినియోగ సర్వేలో ఏ గడిలో పడుతుందో! ఆ సర్వే ఉదయం నాలుగు నుంచి మర్నాడు నాలుగు దాకా రోజుని అరగంట ముక్కలుగా కోసి అడుగుతుంది. అరగంటలో వంకాయ కూర, మొఘల్ రెవెన్యూ విధానం రెండూ ఉంటాయని రాసుకుంటే రాసుకున్నారు, లేకపోతే వంకాయే మిగులుతుంది.

తయారీ పని కాదని అనేవాళ్ళకి జవాబు నిజానికి మన చట్టాల్లోనే ఉంది. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు చూడండి. టీచరు వారానికి కనీసం 45 గంటలు పనిచేయాలి, అందులో పాఠం చెప్పేదీ, తయారయ్యేదీ కలిపి. తయారీ అన్న మాటే అక్కడ రాసి ఉంది. యూజీసీ నిబంధనల్లోనూ అంతే. అసిస్టెంట్ ప్రొఫెసరు వారానికి 40 గంటలు పనిలో ఉండాలి, క్లాసులో నిలబడి చెప్పాల్సింది 16 గంటలే. మిగతా 24 గంటలు చదువుకోడానికీ, దిద్దడానికీ, పరిశోధనకీ, పిల్లలతో మాట్లాడ్డానికీ. ఇది చదివిన రోజు నాకు కోపం రాలేదు, ఊరట కలిగింది. నేను ఊహించుకుంటున్నది కాదన్నమాట, ప్రభుత్వానికీ తెలుసు. పర్మినెంటు ఉద్యోగి దగ్గరికొచ్చేసరికి తెలుసు. అదే ప్రభుత్వం జూనియర్ కాలేజీల్లో గెస్ట్ లెక్చరర్లకి పీరియడ్‌కి ఇంత, తెలంగాణలో 390 రూపాయలు, అని ఇచ్చేటప్పుడు ఆ తెలివిడి మాయమైపోతుంది. ఒకే పాఠం, ఒకే బోర్డు, ఒకే పిల్లలు. కుర్చీని బట్టి ఒకరి తయారీ ఉద్యోగం, ఒకరి తయారీ శూన్యం. ఈ వ్యాసం చదువుతున్న మీలో చాలామంది ఈ రెండు కుర్చీల్లో ఏదో ఒకదానిలో కూర్చున్నవాళ్ళే కదా.

ఇంకా చెప్పాలంటే మాకంటే ముందు నుంచీ ఈ లెక్క తెలిసినవాళ్ళు నిజామాబాద్, కరీంనగర్ వైపు బీడీలు చుట్టే ఆడవాళ్ళు. వాళ్ళకి వెయ్యి బీడీలకింత. తునికాకు నానబెట్టడం, తుడవడం, కత్తెరతో ఒక కొలతకి కోయడం, ఇవన్నీ చుట్టడానికి ముందు పని. ఇంట్లో ముసలమ్మలు, చిన్నపిల్లలు కూడా చేసేవి. ఆ గంటలకి వేరే కూలి లేదు. బాగాలేవని పక్కన పడేసిన బీడీలకీ లేదు. నా పరిస్థితి వాళ్ళతో సమానమని అనడం లేదు. నాకు చదువుంది, కులం ఇచ్చిన వెసులుబాటుంది, ఒక ఇంటి గుమ్మంలోకి వెళితే కుర్చీ వేస్తారు. కానీ పనిని ముక్కలుగా కోసి, చివరి ముక్కకి మాత్రమే ధర కట్టే కిటుకు మాత్రం ఒకటే. 1970ల్లో సెల్మా జేమ్స్, సిల్వియా ఫెడెరిచి లాంటివాళ్ళు ఇంటిపనికి జీతం అడిగినప్పుడు చాలామంది నవ్వారట. వాళ్ళడిగింది డబ్బు కంటే ముందు, దాన్ని పని అనమని.

నిరుడు జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఒక నోటుబుక్కు పెట్టాను. అనుకున్న క్లాసులు 250 గంటలు. జరిగినవి 212. రద్దయినవి 38. తయారీకి, దిద్దడానికి పట్టింది 131 గంటలు. ఇళ్ళకి వెళ్ళి రావడానికి 46. గంటకి 400 చొప్పున చేతికొచ్చింది 84,800 రూపాయలు. పనిచేసిన 389 గంటల మీద పంచితే గంటకి 218. రద్దయిన 38 గంటల్లో నేను ఎదురుచూస్తూ కూర్చున్నవి ఇందులో కలపలేదు. ఆ సమయంలో బట్టలు మడతపెట్టుకున్నాను కాబట్టి అవి దేని కింద వేయాలో నాకే తెలియలేదు.

రద్దు చేసే మెసేజ్ దాదాపు ఎప్పుడూ తల్లి దగ్గర్నుంచే వస్తుంది. ఆరు గంటల క్లాసుకి అయిదూ నలభైకి. "మేడమ్, ఇయ్యాల బాబు బర్త్‌డే పార్టీకి పోతుండు, రేపు పెట్టుకుందాం." "టీచర్ గారూ, పాప పడుకుండిపోయింది, లేపబుద్ధి కావట్లేదు." ఇంట్లో పెళ్ళి, వ్రతం, చుట్టాలు, కరెంటు, బడిలో మార్చిన పరీక్ష. అబద్ధాలు కావు, అన్నీ నిజాలే. ఆ ఇంటి కాలపట్టిక మొత్తం ఆమె నెత్తి మీదే ఉంది. 2024 కాలవినియోగ సర్వేలో ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 289 నిమిషాలు దానికే పెడుతున్నారని, మగవాళ్ళు 88 నిమిషాలని తేలింది. ఆ 289లో నాకు మెసేజ్ పెట్టడం కూడా ఒక నిమిషం. కాబట్టి నేనూ ఆమే ఒకే తాడుకి రెండు కొసలం. ఆమె రోజులో ఎక్కడైనా జారినప్పుడు జారడానికి వీలున్న మెత్తటి చోటు నేను. ఒక చిన్నవయసు తల్లి ఏ దురుద్దేశమూ లేకుండా అన్న మాట, "మీరెట్లాగూ ఇంట్లోనే ఉంటారు కదా ఆంటీ." ఆ అమ్మాయి చేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కూడా ఆ రోజుల్లో ఇంట్లోంచే.

2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ కోచింగ్ సెంటర్ల మీద మార్గదర్శకాలిచ్చింది. 50 మందికి మించి పిల్లలుండే సెంటర్లకి. మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి ఫీజు తిరిగివ్వాలని అందులో ఉంది. మంచిదే, లక్షలు కట్టి మునిగిన కుటుంబాలున్నాయి. ఇద్దరికీ ముగ్గురికీ చెప్పుకునే ఇంటి టీచరు వైపునుంచి ఎవరూ అలాంటి కాగితం రాయరు. అందుకని నేనే రాశాను. ముందురోజు రాత్రి ఎనిమిదిలోపు చెబితే ఫీజు లేదు. ఆ తర్వాత చెబితే సగం. జ్వరానికీ, ఇంట్లో చావుకీ మినహాయింపు. నాలుగు వాక్యాలు రాయడానికి వారం పట్టింది, ప్రతిసారీ 'దయచేసి' ఎక్కడ పెట్టాలా అని.

ఈ జనవరిలో అందరికీ పంపాను. ఇద్దరు మానేశారు. ఒక తండ్రి, అప్పటిదాకా నాతో ఎప్పుడూ మాట్లాడనాయన, ఫోన్ చేసి "ఇదేమన్నా అగ్రిమెంటా మేడమ్? చెప్పని క్లాసుకి డబ్బులేంటి?" అన్నాడు. పాఠం తయారై ఉంది కదండీ అంటే, అది రేపు చెప్పుకోవచ్చు కదా అన్నాడు. రేపటి గంట ఇంకో పిల్లదని చెప్పాను. ఇంట్లోనే బ్లౌజులు కుట్టే ఒక తల్లి మాత్రం చదివిన పది నిమిషాలకే వచ్చింది. "నాకూ ఇదే తంటా టీచర్. బట్ట కోసినంక ఒద్దంటరు. నేను సగం అడ్వాన్సు తీసుకుంటున్న, మీరు ఇన్నాళ్ళు ఎందుకడగలే?" అని నన్నే గదమాయించింది. మొత్తానికి నాలుగు నెలల్లో రద్దయిన క్లాసులు 14. డబ్బొచ్చినవి ఆరు. మిగతా ఎనిమిదింట్లో అయిదు జ్వరాలు, మూడింటికి నేను అడగలేకపోయాను.

మా కాలనీలో ట్యూషన్లు చెప్పే ఆడవాళ్ళం ఎనిమిదిమందిమి ఉన్నాం. వాళ్ళలో నలుగురిని ఒక్క నెలపాటు నాలాగే నోటుబుక్కు పెట్టమన్నాను. ఒకామె, 'లెక్కలు రాస్తున్నావా' అని ఇంట్లో అడిగారని ఆపేసింది. మిగతా మూడూ నా బల్ల మీద ఉన్నాయి. రెండింట్లో అంకెలున్నాయి, నా అంకెలకి పెద్ద తేడా లేదు. మూడోది లెక్కల టీచరుది. క్లాసులన్నీ నిమిషాలతో సహా రాసింది. తయారీ అన్న గడిలో మాత్రం నెల పొడుగునా ఒకటే మాట, 'పిల్లలు పడుకున్నాక'. ఎన్ని గంటలో రాయలేదేమని అడిగాను.

"అది కూడా రాయాలా అక్కా?" అంది.

రాయమన్నాను. మేలో కాదు, బడులు తెరిచాక జూన్ నుంచి మొదలుపెడతానంది.